బొండాంగాడికి గొంతు

మా అత్తగారు పోయారు. మంగళవారం పొద్దున ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. మా ఆయన "ఆ... ఆ... వస్తున్నాం" అని పెట్టేసి, వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీది పాలగిన్నె దించారు. నాకు అర్థమైపోయింది. అప్పట్నుంచీ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ. ఎలా పోయారు, ఎన్నాళ్లుగా బాగాలేదు, ఆఖర్న ఏమైనా మాట్లాడారా అని అందరూ అవే ప్రశ్నలు. చెప్పి చెప్పి నా దవడలు నొప్పి పుట్టాయి. ఆవిడే ఉంటే "గొంతు దాచుకో అమ్మాయ్, అందరికీ ఖర్చు పెట్టకు" అనేవారు. ఆఖర్న ఏమీ మాట్లాడలేదండీ. నిద్రలోనే వెళ్లిపోయారు.

ఆవిడ సినిమాలకు డబ్బింగ్ చెప్పేవారు. తెర మీద హీరోయిన్ పెదవులు కదిపేది, మాట ఈవిడది. బెజవాడలో పుట్టి, మద్రాసులో చాలా ఏళ్లు పనిచేసి, సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదు చేరుతుంటే తనూ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి యూసుఫ్‌గూడలో ఒక మేడమీది వాటాలో దిగారు. మామగారు అప్పటికే లేరు. పొద్దున్నే మెడకి శాలువా చుట్టుకుని ఫిల్మ్‌నగర్ బస్సెక్కేవారు. రోళ్లు పగిలే ఎండల్లో కూడా ఆ శాలువా ఉండాల్సిందే. చల్లనీళ్లు తాగరు, పెరుగు ముట్టరు, పోపు వేస్తే పొగకి దగ్గొస్తుందని బాల్కనీలోకి పారిపోయేవారు. కూరగాయల బండివాడికి ఆవిడెవరో తెలీదు. వంకాయలు ఏరుతూ, బండి మీది రేడియోలో తన మాటలే వస్తున్నా తలెత్తి చూసేవారు కాదు.

నేను కోడలిగా అడుగుపెట్టింది ఆ వాటాలోకే. మా పుట్టింట్లో అందరం వాగుడుకాయలం. ఈవిడేమో రోజంతా ఏడ్చి, నవ్వి, కెవ్వుమని అరిచి వచ్చి, ఇంట్లో పెదవి విప్పేవారు కాదు. "కూర ఎలా ఉందత్తయ్యా?" అంటే తల ఊపేవారు. బాగుందనో బాలేదనో నేనే తేల్చుకోవాలి. నాకు ఒళ్లు మండేది. అలా రెండేళ్లు ఒకే కప్పు కింద ఎవరి మానాన వాళ్లం బతికాం.

తొంభైల మొదట్లో ఒక వేసవిలో ఆవిడ గొంతు పోయింది. శవం మీద పడి ఏడ్చే సీను అట, దర్శకుడికి నచ్చక మళ్లీ మళ్లీ చెప్పించాడు. సాయంత్రం ఇంటికొచ్చి "మంచినీళ్లు" అనబోయారు. గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు చూసి, గొంతులో బొడిపెలు లేచాయన్నాడు. కొన్ని నెలల పాటు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు, మధ్యలో అరిచారంటే ఇక గొంతు మీద ఆశ వదులుకోండి అన్నాడు. అప్పటికి ఒక సినిమా సగం చెప్పి ఉన్నారు. ఆ హీరోయిన్‌కి మొదటి సినిమా నుంచీ ఈవిడదే గొంతు. నిర్మాత తాలూకు మేనేజరు ఇంటికే వచ్చి, "మీరు నిదానంగా కోలుకోండమ్మా. ఎన్నాళ్లైనా ఆగుతాం, ఆ అమ్మాయికి మీ గొంతు తప్ప ఇంకోటి ఊహించలేం" అని చెప్పి కాఫీ తాగి వెళ్లాడు. ఆ మాట పట్టుకుని ఆవిడ నోరు కట్టేసుకున్నారు.

అప్పుడే మా ఆయన టీవీ గేమ్ తెచ్చారు. అమ్మకి కాలక్షేపం అన్నది పేరుకి మాత్రమే, ముందు ఆడింది ఆయనే. క్యాసెట్ మీద వంద ఆటలని రాసి ఉండేది కానీ తిప్పి తిప్పి అవే నాలుగు. వాటిల్లో ఒకటి మరీ పిచ్చిది. కొబ్బరిబొండాం లాంటి తల, పొట్ట, పొట్టి కాళ్లు ఉన్నవాడొకడు. చేతిలో బూరా లాంటి తుపాకి. గాల్లో వేలాడే అరుగుల మీద ఒకదాన్నుంచి ఒకదాని మీదకి గెంతుతూ, రెక్కలున్న టీ కెటిల్స్‌నీ పళ్లున్న చెప్పుల్నీ పేల్చుకుంటూ పోవాలి. అరుగు తప్పితే పాతాళమే. గెంతినప్పుడల్లా వాడి నోరు గుండ్రంగా తెరుచుకునేది. చచ్చేటప్పుడు మొహమంతా నోరే అయిపోయేది. మేం వాడికి బొండాంగాడని పేరు పెట్టుకున్నాం.

మా ఆయన ఆఫీసుకి వెళ్లాక ఆవిడ ఆట రిమోటు అందుకున్నారు. నేను పక్కనే చిక్కుళ్లు ఒలుస్తున్నాను. బొండాంగాడు మొదటి అరుగు మీంచి గెంతాడు, నోరు తెరిచాడు. "హా!" అని వినిపించింది. టీవీలోంచి కాదు, మా అత్తగారి నోట్లోంచి!

ఇద్దరం బిగుసుకుపోయాం. ఆవిడ చేత్తో నోరు నొక్కేసుకున్నారు. కళ్లలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ తప్పేం లేదండీ. పాతికేళ్లుగా తెర మీద నోరు తెరుచుకోవడం, ఈవిడ శబ్దం ఇవ్వడం, అంతే బతుకు. ఎదురుగా ఒకడు నోరు తెరిచి మూగగా నిలబడితే ఆవిడ ప్రాణం ఎలా ఊరుకుంటుంది?

సాయంత్రం సంగతి విని మా ఆయన ఇంతెత్తున లేచారు. "రేపే తిరిగిచ్చేస్తా దీన్ని. గొంతు పోతే ఎవరిది బాధ్యత?"

"అయితే పొద్దస్తమానం గోడ వంక చూస్తూ కూర్చోమంటారా ఆవిడ్ని?" అన్నాను. అత్తగారి తరఫున మాట్లాడటం అదే మొదటిసారి. నాకే వింతగా అనిపించింది. ఆవిడ రిమోటు ఒళ్లో పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. చిన్నపిల్లలా ఉంది వాలకం.

మర్నాడు నోటినిండా నీళ్లు పోసుకుని ఆడమన్నాను. బొండాంగాడు చెప్పు కాటుకి చచ్చాడు, నీళ్లన్నీ ఆవిడ చీర మీదే. నవ్వొస్తే నవ్వకూడదు, ఏడుపొస్తే ఏడవకూడదు. విసిగిపోయి రిమోటు పక్కన పెట్టేశారు. అప్పుడు ఏమనిపించిందో ఏమో, "మీరు ఆడండత్తయ్యా. వాడి అరుపులు నేను అరుస్తాను" అన్నాను.

అలా మొదలైంది. ఆవిడ ఆడటం, నేను అరవడం. వంట, బట్టలు, అంట్లు అన్నీ అయ్యాక, నడుం వాల్చాల్సిన మధ్యాహ్నం పూట, గోడకి జారగిలబడి "హా! హుప్! అమ్మో!" అంటూ. మొదట్లో నాదెప్పుడూ ఆలస్యమే. వాడు గెంతి అరుగు మీద పడ్డాక నా అరుపు వచ్చేది. ఆవిడ మోకాలితో నా మోకాలిని తట్టేవారు, ఇప్పుడు అని. నేను గొంతు చించుకుంటే రెండుసార్లు తట్టి, తన పొట్ట వంక చూపించేవారు. అరుపు అక్కడ పుట్టాలని. ఆ మూగ పాఠం నాకు అర్థం కావడానికి వారం పట్టింది. అర్థమయ్యాక ఎంత అరిచినా గొంతు మండలేదు.

ఒకరోజు కింది వాటాలో ఉండే ఇంటామె దబదబా మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలోనే నన్ను పట్టుకుని, "ఏంది బిడ్డా, దినాం గిట్ల ఒర్లుతున్నవ్? మీ అత్త కొడుతున్నదా ఏంది? నాకు చెప్పు, ఫికర్ జెయ్యకు, నేనున్న" అంది. లోపల మా అత్తగారు పమిట నోట్లో కుక్కుకుని, నవ్వు ఆపుకోలేక ఊగిపోతున్నారు. నేను టీవీ చూపించాను. ఆమె నమ్మలేదు. కూర్చుని ఒక ఆట చూసింది. కాసేపయ్యాక "అయ్యో, గా చెప్పు మీదికెల్లి దుంకు! జర దుంకమను వాన్ని!" అని నాకంటే గట్టిగా ఆమే అరిచింది.

ఆ నెలల్లో మా అత్తగారు నాకు తెలిశారు. మాట లేకుండానే తెలిశారు. కూర నచ్చితే కుడి కనుబొమ్మ లేస్తుందని, నచ్చకపోతే తల ఊపుతారని కూడా అప్పుడే కనిపెట్టాను. పొద్దున లేవగానే ఆవిడ గొంతు మీద వేళ్లు పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేవారు. నేను పక్కగదిలోంచి చూసి, మళ్లీ పనిలో పడేదాన్ని.

గడువు అయ్యాక డాక్టరు "ఏదైనా అనండమ్మా" అన్నాడు. ఆవిడ నా పేరు పిలిచారు. మాట వచ్చింది. కానీ బరువుగా, గరుకుగా, ఎవరో పెద్దావిడ పిలిచినట్టు వచ్చింది. "ఇక ఇంతే. మాట్లాడుకోవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. పాత గొంతు మాత్రం రాదు" అన్నాడు డాక్టరు.

అయినా మర్నాడు శాలువా చుట్టుకున్నారు. నేనూ తోడు వెళ్లాను. ఫిల్మ్‌నగర్‌లో ఆ డబ్బింగ్ థియేటరు తలుపు తీసేసరికి తెర మీద అదే హీరోయిన్ ఏడుస్తోంది. అద్దం వెనక మైకు ముందు కొత్తమ్మాయి ఒకతె కళ్లు మూసుకుని ఏడుస్తోంది. మేనేజరు గబగబా లేచి వచ్చాడు. "రిలీజు దగ్గర పడిందమ్మా, ఆగలేకపోయాం. మీరు చెప్పిన సగం కూడా ఈ అమ్మాయితోనే మళ్లీ చెప్పించేశాం. ఇందులో తల్లి వేషం ఉంది, ఇప్పుడు మీ గొంతు దానికి అతికినట్టు సరిపోతుంది" అన్నాడు.

ఆవిడ కాసేపు తెర వంక చూశారు. "బాగానే చెబుతోంది. రేపొస్తాను" అన్నారు. నిజంగానే వెళ్లారు. తర్వాత చాలా ఏళ్లు తల్లులకీ అత్తలకీ బామ్మలకీ ఆవిడే చెప్పారు. అది తర్వాతి సంగతి. ఆ రోజు మాత్రం కృష్ణానగర్ మలుపు దాకా నాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. నాకు తిట్టాలని ఉంది, ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

ఇంటికొచ్చి శాలువా తీసి దండెం మీద వేసి, టీవీ పెట్టారు. బొండాంగాడు వచ్చాడు. నేను పక్కన కూలబడ్డాను. నాకు అరిచే ఓపిక లేదు, అరవబుద్ధీ కాలేదు. "ఇప్పుడు మీరే అరవచ్చు కదత్తయ్యా, డాక్టరు మాట్లాడమన్నాడుగా" అన్నాను.

"వద్దు."

"ఏం?"

"వాడికి నీ గొంతు ఇచ్చేశాం. ఒకసారి ఇచ్చాక మధ్యలో మార్చకూడదమ్మాయ్."

వాడు గెంతాడు. నేను అరిచాను. తెర మీంచి చూపు తిప్పకుండా, రెండు చేతులూ రిమోటు మీదే ఉంచి, ఆవిడ ఏడుస్తున్నారు. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను నా కొంగుతో ఆవిడ కళ్లు తుడుస్తూ, వాడు నోరు తెరిచినప్పుడల్లా అరుస్తూ కూర్చున్నాను.