మాణిక్యమ్మ పట్టుకున్న గొంతు

చీరాల మగ్గాల వీధిలో మాణిక్యమ్మను ఎరగని ఇల్లు లేదు. భర్త చలమయ్య నేసిన చీరలు మూటగట్టుకుని గుంటూరు తీసుకెళ్ళి, ఇళ్ళలో అమ్మేది. వీధిలో ఎవరి కోడి పోయినా, ఎవరి బిందె మారినా కూపీ లాగేది కూడా ఆమే. "పోలీసులెందుకు, మాణిక్యమ్మక్కకి చెబితే పోలా" అనేవాళ్ళు. ఆ మాటకి లోలోపల పొంగిపోయేది.

గుంటూరు బ్రాడీపేటలో ఆమె దగ్గర చీరలు కొనేవాళ్ళలో రాగసుధ ఒకతె. సినిమాలతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు పాడి, వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టే గాయని. ఆ వీడియోల్లో మాణిక్యమ్మ తెచ్చిన చీరలే కట్టేది. "పిన్నిగారూ" అంటూ కాఫీ ఇచ్చి, బోలెడు కబుర్లు చెప్పేది. ఆమె పాట వచ్చిందంటే మాణిక్యమ్మ రాట్నం పక్కన ఫోను పెట్టుకుని, నూలు కండెలు చుడుతూ రోజంతా వినేది.

ఆ వేసవిలో రాగసుధ కొత్త పాట వచ్చింది. పెళ్ళిళ్ళలో, ఆటోల్లో, ఎక్కడ చూసినా అదే పాట. మాణిక్యమ్మకి మాత్రం రెండోసారి వింటుంటే రాట్నం మీద చెయ్యి ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇది మన రాగసుధ గొంతు కాదు."

"పేరు వేశారుగా. నీకన్నీ అనుమానాలే," అన్నాడు చలమయ్య.

"సరిగ్గా విను. 'నీ కళ్ళలో' అనాల్సిన చోట 'నీ కల్లలో' అంటోంది. రాగసుధ చచ్చినా అలా పలకదు. గొంతు దగ్గరగానే ఉంది గానీ మనిషి వేరు."

తర్వాత గుంటూరు వెళ్ళినప్పుడు ముందు రాగసుధ ఇంటికే వెళ్ళింది. అంత ఎండలోనూ రాగసుధ మెడచుట్టూ చున్నీ కప్పుకుని ఉంది. పక్కన ఫ్లాస్కులో వేడినీళ్ళు. పలకరిస్తే చిన్నగా నవ్వింది. చీరలు పరిస్తే వేలితో చూపించింది. దేనికైనా తల ఊపడమే తప్ప నోరు తెరవలేదు. కాఫీ లేదు, కబుర్లు లేవు. పేరు వచ్చేసరికి మాటలు కూడా బరువయ్యాయి కాబోలు అనుకుని, మాణిక్యమ్మ మూట కట్టుకుని బయటపడింది.

పాట రికార్డు చేసిన బెన్నీ స్టూడియో రెండు వీధుల అవతలే. చీరలు చూపించే వంకతో అక్కడికి వెళ్ళింది. లోపల ఒక సన్నటి అమ్మాయి కూర్చుని ఉంది.

"బెన్నీగారూ, కాసిని నీల్లు ఇస్తారా?" అందా అమ్మాయి.

మాణిక్యమ్మ చెవులు రిక్కించింది. నీళ్ళు కాదు, నీల్లు.

మెల్లగా మాటల్లోకి దించింది. అమ్మాయి పేరు ఆశ్రిత, పొన్నూరులో టీచరు. "ఆ కొత్త పాట ఎవరు పాడారు బాబూ?" అని బెన్నీని అడిగితే, "రాగసుధగారేనండీ" అన్నాడు, తల ఎత్తకుండా.

ఇంకేం కావాలి? చిన్నపిల్ల గొంతు దోచుకుని పెద్దావిడ పేరు కొట్టేస్తోందని మాణిక్యమ్మ తేల్చేసుకుంది. చీరాలలో యూట్యూబ్ ఛానెల్ నడిపే సాయిరాం దగ్గరికి వెళ్ళి, కెమెరా ముందు కూర్చుని, కళ్ళు, కల్లు, నీళ్ళు, నీల్లు అంటూ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆ వీడియో రెండు రోజుల్లో ఊళ్ళన్నీ తిరిగింది. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరి చూశారు. మాణిక్యమ్మ కూడా తన మొహం తాను చూసుకుంటూ పగలబడి నవ్వింది. వీడియో కింద కామెంట్లలో జనం రాగసుధని 'దొంగ' అని, ఇంకా నోటితో చెప్పలేని మాటలు అన్నారు. అవి కూడా చదివించుకుని విన్నది.

ఆ ఆదివారం ఆశ్రిత చీరాలలో మాణిక్యమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికనుకుని మాణిక్యమ్మ కుర్చీ తుడిచి వేసింది. ఆ పిల్ల కూర్చోలేదు.

"మిమ్మల్ని ఎవరడిగారండీ?"

"అదేంటమ్మా, నీ కోసమేగా..."

"రాగసుధక్కకి గొంతు దగ్గర గడ్డకి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి మాట పెగలట్లేదు. కొన్నాళ్ళు గొంతుకి విశ్రాంతి ఇస్తే రావచ్చన్నారు డాక్టర్లు. కొత్త పాట వస్తుందని అప్పటికే అందరికీ చెప్పేసింది. నాకు పాట నేర్పిందే అక్క. అందుకే నేను పాడాను. నా పేరు వెయ్యమని అక్క పట్టుబట్టింది. గొంతు వచ్చేదాకా ఎవరికీ తెలియొద్దని నేనే వద్దన్నాను. అక్క రోజూ పొద్దున్నే ఒక్క స్వరం పలికి చూసుకునేది. మీ వీడియో వచ్చాక అది కూడా మానేసింది."

చున్నీ, వేడినీళ్ళు, తల ఊపడం అన్నీ మాణిక్యమ్మ చూసింది. ఒక్కటీ వదలకుండా చూసి, పొగరని అర్థం చేసుకుంది. ఆ పిల్లకి న్యాయం చెయ్యాలన్నది కూడా పూర్తిగా నిజం కాదని ఆ క్షణంలో తెలిసిపోయింది. ఆ రోజు రాగసుధ కాఫీ ఇవ్వలేదని, మాట్లాడలేదని మనసులో పెట్టుకుంది. అసలు సంగతి అదీ.

సాయిరాంని బతిమాలి ఆ వీడియోని ఛానెల్ నుంచి తీయించేసింది. అప్పటికే పదిమంది దాన్ని తమ ఛానెళ్ళలో పెట్టుకున్నారు. తప్పు నాదేనని ఇంకో వీడియోలో చెప్పింది. దాన్ని చూసినవాళ్ళు వీధిలో వాళ్ళే.

ధైర్యం కూడగట్టుకుని బ్రాడీపేట వెళ్ళింది. రాగసుధే తలుపు తీసింది. మెడ మీద మచ్చ కనపడుతోంది.

"రండి పిన్నిగారూ." గరగరమనే గాలి లాంటి మాట.

మాణిక్యమ్మ గుమ్మంలోనే కూలబడింది. "నన్ను తిట్టమ్మా. నాలుగు తిట్టు."

"తిట్టడానికి గొంతెక్కడిది?" అంటూ రాగసుధ మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. ఒక్కో మాటే కూడబలుక్కుంటూ అంది. "నా పాట ఇంత శ్రద్ధగా వినేవాళ్ళున్నారని నాకు తెలీదు."

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది మాణిక్యమ్మకి. గ్లాసు అలాగే కింద పెట్టేసింది.

తర్వాత ఆ పాట మీద పేరు మార్చారు. ఆశ్రితకి అవకాశాలు వచ్చాయి. కొన్నాళ్ళు ఒప్పుకోలేదు గానీ, రాగసుధే కోప్పడి పంపిందట. రాగసుధ గొంతు సగమే తిరిగొచ్చింది. పాడడం మానేసి పిల్లలకి సంగీతం చెప్పుకుంటోంది. ఈ కబుర్లన్నీ బెన్నీ ఫోనులో చెప్పినవే. మాణిక్యమ్మ చీరలు అమ్మడానికి ఇప్పుడు ఒంగోలు వైపు వెళుతోంది.

మొన్న చీరాల స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా రాగసుధ కనిపించింది. ఆమె కూడా చూసింది. చెయ్యెత్తి, నవ్వుతూ, జనాన్ని తప్పించుకుంటూ ఇటే రాసాగింది. మాణిక్యమ్మ మూట నెత్తికెత్తుకుని, చూడనట్టే గబగబా ప్లాట్‌ఫారం చివరికి నడిచి, స్తంభం చాటున నిలబడింది. వెనక నుంచి ఆ గరగర గొంతు ఒకటి రెండుసార్లు పిలిచింది. రైలు వచ్చేదాకా మాణిక్యమ్మ కదల్లేదు.