మంగళవారం పోయే ఫ్యూజు

మంథనిలో మా ఇంటికి కరెంటు వచ్చిన కొత్తలో దానికి రెండే పనులు. ముందర అర్రలో ఒక బుగ్గ దీపం, వంటింట్లో ఒక బుగ్గ దీపం. మూడో పనిని మా మరిది తెచ్చిపెట్టాడు. ఆదిలాబాదులో నౌకరీ చేస్తూ, అక్కడి చలికి తాళలేక, బిందెలో ముంచితే నీళ్లు కాగే కరెంటు కడ్డీ ఒకటి కొనుక్కున్నాడు. అంతలో ఉట్నూరు అవతలికి బదిలీ అయింది. అక్కడ ఆయనకు దొరికిన ఇంట్లో కరెంటు లేదు. పోతూ పోతూ కడ్డీని పాత పంచెలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"వదినా, ఇగ కట్టెలు ఊదుడు బంద్ చెయ్యి. అవ్వకు పొగ బాధ తప్పుతది."

మా అత్తమ్మకు ఉబ్బసం. తెల్లవారకముందే స్నానం చేసి మడి కట్టుకోనిదే మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. చన్నీళ్లు పోసుకుంటే ఛాతీలో పిల్లికూతలు, వేడినీళ్లకు పొయ్యి ముట్టిస్తే పొగ. స్నానం చేస్తూ శివనామాలు చదవడం ఆమె అలవాటు. రెండు నామాలకొక దగ్గు వచ్చేది. ఒక్కోసారి నామం సగంలోనే ఊపిరి అందక ఆగిపోయేది. నేను వంటింట్లో చేతిలో పని వదిలేసి, మిగతా సగం మనసులో పూర్తిచేసి, ఆమె గొంతు మళ్లీ వినిపించేదాకా కదలకుండా నిలబడేదాన్ని. కిందటి చలికాలం డాక్టరు కూడా గట్టిగానే చెప్పాడు. ఇంకొక్క చలికాలం ఈ పొగ మింగితే తన దగ్గర మందు లేదన్నాడు.

అందుకని ఆ కడ్డీ మా ఇంటికి వచ్చిన రోజు దేవుడి దగ్గర దీపం పెట్టాను. నాకు చదువంటే మా బాపు ఇంట్లో దిద్దించిన అక్షరాలే. కరెంటు ఎట్లా పుడుతుందో తెలియదు, ఎవరు పంపారో మాత్రం తెలుసనుకున్నాను.

అత్తమ్మకే నమ్మకం కుదరలేదు.

"అగ్గి లేకుండ కాగిన నీళ్లు నీళ్లేనానే పిల్లా?"

"అత్తమ్మా, ఎండకు కాగినయి అనుకోండ్రి."

తులసాకు ఒకటి వేస్తే సరేనన్నది. మీటరూ బటనూ ముందర వరండాలో ఉన్నాయి. అక్కడి నుంచి చూరు కింద బట్ట తొడుగు వైరు లాగి, వాకిలి మీదుగా స్నానాల గదికి కలిపారు. వైరు చాలక మధ్యలో ఒకచోట అతుకు వేశారు. మా అందరికీ ఎప్పటిలాగే చన్నీళ్లు, కడ్డీ అత్తమ్మ ఒక్కదానికే. మొదటి రోజు స్నానాల గదిలో నుంచి నామాలన్నీ ఒక్క దగ్గు లేకుండా వచ్చాయి. పిండి కలుపుతూ కలుపుతూ ఏడ్చాను.

తరువాతి మంగళవారం పొద్దున బటన్ ఒత్తగానే టప్పుమని ఫ్యూజు పోయింది. మా వారు కొత్త తీగ చుట్టి పెట్టారు, అదీ పోయింది. మళ్లీ పొయ్యి, మళ్లీ పొగ. మధ్యాహ్నం లైన్‌మాన్ వచ్చి చూస్తే, ఏమీ ఎరగనట్టు నీళ్లు బుడబుడ కాగాయి.

"సారూ, ఫస్ట్ క్లాసు నడుస్తుంది గదా. నన్నెందుకు పరేషాన్ చేస్తరు?" అని చాయ్ తాగి పోయాడు.

ఆరు రోజులు బాగానే ఉంది. మళ్లీ మంగళవారం టప్పుమంది.

అత్తమ్మ తేల్చేసింది. "సోమవారం మన శివుడు రాజన్న దినం, చల్లగుంటది. మంగళవారం అగ్గి దినం. గా కడ్డీకి వారాలు తెలుసు."

"అవ్వా, కడ్డీకి పంచాంగం ఎవరు చెప్పిండ్రే?" అన్నారు మా వారు. అంటూనే కడ్డీ విప్పారు, బటన్ విప్పారు, కనపడిన మరనల్లా విప్పి బిగించారు. దోషం దొరకలేదు. మంగళవారాలు మాత్రం తప్పకుండా వచ్చాయి.

కార్తీకం వచ్చింది. ఇక మంగళవారంతో పని లేకుండా రోజూ పోవడం మొదలుపెట్టింది. రోజూ పొగ. దగ్గుతో అత్తమ్మ గొంతు బొంగురుపోయింది. ఒక సాయంత్రం మా వారు కడ్డీ దిక్కు చూస్తూ అన్నారు.

"రేపు గిట్లనే పోతే తమ్మునికి వాపస్ పంపుత. ఇల్లు కాలితే ఎవరు జవాబుదారి?"

ఆ రాత్రి రాజన్నకు మొక్కుకున్నాను. స్వామీ, నీ పేరు చదవడానికే కదా ఆమెకు ఊపిరి కావాలి, అన్నాను.

తెల్లవారుజామున కందిలి పట్టుకుని గంగాళంలో నీళ్లు నింపడానికి పోతున్నాను. వాకిట్లో మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. వాన లేదు. కందిలి పైకెత్తాను. చూరు కింద కరెంటు వైరు మీద అత్తమ్మ మడిచీర బారుగా వేలాడుతున్నది. నీళ్లు చీర నుంచి వైరుకు దిగి, వైరు వెంట పాకి, సరిగ్గా అతుకు దగ్గరికి పోయి చుక్క కడుతున్నాయి.

"ఆగుండ్రి! బటన్ ఒత్తకుండ్రి!" అని వరండాలో ఉన్న మా వారికి కేక వేశాను. నేనంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు.

గడపలో కూర్చున్న అత్తమ్మ అంతకంటే గట్టిగా అరిచింది. "ముట్టకు! ముట్టినవా, ఇయ్యాల నాకు మడి లేదు!"

"ముడ్తలేను అత్తమ్మా. మీరే జర తియ్యుండ్రి."

మా వారు పరుగున వచ్చి పైకి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

"కరెంటు తీగ మీద చీర ఆరేసుడేందే అవ్వా?"

"మరి ఏడ ఆరెయ్యాలె? దండెం మీదేస్తే నీ పిల్లలు ఎగిరి గుంజుతరు. గోడ మీదేస్తే కాకి ముడ్తది. గీ తీగంటే మీకందరికి భయం, ఒక్కరు దగ్గరికి రారు. ఇంట్ల ఇంతకంటె మడి జాగ ఏడుందో చూపెట్టు!"

మా వారు దండెం దిక్కు చూశారు, గోడ దిక్కు చూశారు. నాకైతే నవ్వాలో దండం పెట్టాలో తెలియలేదు.

అప్పుడు అన్నీ అర్థమయ్యాయి. మామూలు రోజుల్లో పొద్దున స్నానం కాగానే చీర జాడించి వేసేది, ఎండకు సాయంత్రంలోగా ఆరిపోయేది. సోమవారం ఉపవాసం కనుక సాయంత్రం ఇంకో స్నానం, ఇంకో చీర. అది రాత్రంతా మంచులో నాని, మంగళవారం పొద్దుటికి వైరును తడిపేది. కార్తీకంలో రోజూ రెండు స్నానాలాయె. లైన్‌మాన్ వస్తున్నాడంటే పరాయి మనిషి తగులుతాడని ముందే చీర తీసి లోపల పెట్టేది. ఇక మేమా? పొద్దంతా కళ్లముందే వేలాడినా, మడిచీర అంటే తప్పుకుని నడవడమే తప్ప తలెత్తి చూసే అలవాటు మాకు లేదు.

"నీకేమన్న అయితే ఎట్లనే?" అన్నారు మా వారు.

"ఏమైతది? చెయ్యి పెడితినా? కట్టెతోటి వేస్తి, కట్టెతోటి తీస్తి," అని అత్తమ్మ దండెకట్టె చూపించింది. బాగా ఎండిన వెదురు కట్టె. ఆమె చీర వేసే వేళకు, తీసే వేళకు బటన్ ఎప్పుడూ బందే ఉండేది. ఆ కట్టెను ఇప్పటికీ కనపడ్డప్పుడల్లా కళ్లకద్దుకుంటాను.

అత్తమ్మ కట్టెతోనే చీరను లేపి అవతలి దండెం మీద వేసింది. మా వారు ఫ్యూజు గుంజి పక్కన పెట్టి, అతుకును పొడిబట్టతో తుడిచి, ఎండ తగలాలన్నారు.

"అవ్వా, పొద్దు పొడుస్తది మరి. కార్తీక స్నానం?"

"పొడవనీ. నా దేవుడు గంత తొందర మనిషి కాదు," అని కొంగు కప్పుకుని వాకిట్లోనే కూర్చుంది.

ఎండ వాకిట్లోకి వచ్చి వైరు ఆరాక మా వారు ఫ్యూజు పెట్టి బటన్ ఒత్తారు. నేను కళ్లు మూసుకున్నాను. టప్పుమనలేదు. కాసేపటికి గంగాళంలో చిన్నగా సుయ్యిమంది.

ఆ మధ్యాహ్నమే లైన్‌మాన్ అతుకు లేని కొత్త వైరు వేశాడు. మా వారు పిల్లలకు అందనంత ఎత్తున అత్తమ్మకు వెదురు దండెం కట్టారు. కడ్డీ మా ఇంట్లోనే ఉండిపోయింది.

మరునాడు పొద్దున వంటింట్లో నిలబడి విన్నాను. ఒక నామం, దాని వెనక ఇంకో నామం. నేను పూర్తిచేయడానికి సగం నామం ఒక్కటీ మిగల్చలేదు. అన్నీ ఆమే చదువుకుంది.