గుడియాత్తం కాలువలో తెల్లగా పారింది గంజి కాదు

1913వ సంవత్సరం, అరవ లెక్కలో ఐపసి నెల. మా వైపు ఈశాన్యపు వానలు దిగే కాలం. నేను అప్పుడు వేలూరులో ఒక కాంట్రాక్టర్ దగ్గర కట్టడాల మేస్త్రీగా ఉండేవాణ్ణి. గుడియాత్తంలో వరదయ్య అనే కైలీల, అంటే లుంగీల, వర్తకుడు బట్టలు దాచుకోవడానికి గోదాము కట్టిస్తుంటే, ఆ పని చూడమని నన్ను పంపించారు.

ఆ నెలలో ఒక సాయంత్రం కురిసిన వానకు గోదాము పక్కనున్న నేతగాళ్ల వీధి మునిగింది. ఎందుకు మునిగిందని అడిగితే ఇప్పటికీ ఒకే మాట వినిపిస్తుంది. "పడుగులకు పెట్టే గంజి కాలువలో పోసి పూడ్చుకున్నారు. వాళ్ల కొంపలు వాళ్లే ముంచుకున్నారు." మొన్న వేలూరులో ఒక కుర్ర ఓవర్సీరు, నేనెవరో తెలియక, ఈ కథను నాకే పాఠంగా చెప్పాడు. చెబుతూ నవ్వాడు. నా ఒళ్లు మండిపోయింది. కానీ అతని తప్పేముంది? తాను విన్నది చెప్పాడు. అతను విన్నది అబద్ధం. ఆ అబద్ధానికి సాక్ష్యం పలికినవాణ్ణి నేను.

ఈ పని తెలియనివాళ్ల కోసం ముందు కొంత చెప్పాలి. కట్టడం సాగుతున్నప్పుడు పునాది తవ్విన మట్టి, ఏటి నుంచి తెచ్చిన ఇసుక, గానుగలో నూరిన సున్నం అన్నీ వీధిలోనే కుప్పలు పోస్తాం. వాన పడితే అవి కరిగి పక్కనున్న కాలువలోకి దిగుతాయి. ఇలా కొట్టుకుపోయే మెత్తటి మట్టిని మా పనివాళ్లు సిల్టు అంటారు. నీళ్లు పరుగెత్తేటప్పుడు సిల్టును మోస్తాయి, నిలబడితే దించేస్తాయి. కాబట్టి కాలువలోకి పోకముందే వాటిని కాసేపు నిలబెట్టాలి. కుప్పల చుట్టూ మట్టికట్ట వేసి, కట్ట చివర ఒక గుంత తవ్వుతాం. దాన్ని సిల్ట్ పిట్ అంటాం. కాలువ నోటికి అడ్డంగా కంకర నింపిన గోనెసంచులు పేరుస్తాం. బురద గుంతలో కూర్చుంటుంది, తేటనీళ్లు సంచుల సందుల్లోంచి పోతాయి. ఇందులో గొప్ప విద్యేమీ లేదు, ఒక పూట పని. ఆ ఒక పూట పనిని ఎగ్గొట్టి, పైగా తెలివైనవాళ్లమని మీసం దువ్వుకునేవాళ్లే మా వృత్తిలో ఎక్కువ.

గోదాము ముందున్న కాలువ రాళ్లతో కట్టిన పాత కాలువ. వీధి మలుపులో, బండ్లదారి కింద ఉన్న కల్వర్టులోంచి దూరి, నేతగాళ్ల వీధి పక్కగా పోయి కౌండిన్య ఏటిలో కలిసేది. ఆ వీధి పల్లంలో ఉంది. మగ్గాలు అంతకంటే పల్లం. అవి గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి తొక్కుతాడు. వీధిలో పాదాలు తడిసేటన్ని నీళ్లు వచ్చి గడప దాటితే చాలు, గుంట నిండుతుంది.

మలుపు దగ్గర మొదటి ఇల్లు మునెప్పది. ఆయన నేసేవాడు, భార్య నరసమ్మ కండెలు చుట్టేది. పొద్దున్నే ఇద్దరూ కలిసి వీధిలో పడుగు చాపేవాళ్లు. పడుగు అంటే మగ్గానికి ఎక్కించే నిలువు నూలు. దాన్ని వీధి పొడవునా చాపి, కుంచెతో గంజి పట్టించి ఆరబెడితేనే నేతలో పోగు తెగకుండా ఉంటుంది. వీధిలో చాలామందికి నూలు ఇచ్చేది వరదయ్యే, నేసిన బట్ట తీసుకునేదీ వరదయ్యే.

మొదటి బండి ఇసుక దించిన రోజే నరసమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏమప్పా మేస్త్రీ, ఈ ఇసికంతా మా ఇండ్లలో పోసేదానికా?"

"కాదక్కా, గోడలకి."

"వాన వస్తే గోడలకి యాడ పోతాది నాయనా? మా గుంటలకి వస్తాది. కాలవ ఇట్లే కదా పోయేది? మా ఆయన పొద్దస్తమానం గుంటలో కాళ్లు పెట్టుకోని కూసుండేవాడు. చేపలు పట్టుకోమంటావా?"

కూలీలు గొల్లుమన్నారు. నేనూ నవ్వి, ఆ రోజే కట్ట వేయిస్తానని మాట ఇచ్చాను. వేయించాను కూడా. కట్ట, గుంత, గోనెసంచులు, అన్నీ పద్ధతిగా పెట్టించాను. కొన్నాళ్లకు చిన్న వాన ఒకటి పడింది. గుంత ఎర్రటి బురదతో నిండింది, కాలువలో నీళ్లు తేటగా పోయాయి. నరసమ్మ వంగి చూసింది.

"పరవాలే, మాట మీద నిలబడే మనిషివే," అంది.

గోడలు కొంత లేచాక ద్వారబంధం నిలిపే ముహూర్తం వచ్చింది. వరదయ్య వేలూరు నుంచి బంధువుల్ని, తోటి వర్తకుల్ని పిలిచాడు. ముందురోజు పనిచూడ్డానికి వచ్చి, కట్టనూ బురదగుంతనూ చూసి మొహం చిట్లించాడు.

"ఏంది మేస్త్రీ ఇది? ముహూర్తం పెట్టుకోని వాకిట్లో గుంత తవ్వి పెడతారా ఎవురైనా? అశుభం. జట్కాలు ఎట్ల వస్తాయి? తీసేయించు."

"అయ్యా, మోడం పట్టుండాది, వాన వస్తాది. ఇది తీస్తే సున్నం, ఇసిక అంతా కాలవలోకి దిగతాది. కింద మగ్గాల గుంటలుండాయి."

"మగ్గం మింద ఉండే నూలు ఎవురిది? నాది. నాకు లేని దిగులు నీకెందుకప్పా? ఒక్క పూట. జనం పోతానే మళ్లా పెట్టుకో."

తీసేయించాను. గుంత పూడ్పించి, కట్టను చదును చేయించి, గోనెసంచులు వెనకవైపు పడేయించాను. మర్నాడు ఆ చోట పేడనీళ్లు చల్లి ఆడవాళ్లు పెద్ద ముగ్గు వేశారు. ముగ్గు బాగుందని నేనే అన్నాను. ఈ మాట రాయడానికి అసహ్యంగా ఉంది. అయినా రాస్తున్నాను.

ద్వారబంధం నిలిచింది, భోజనాలయ్యాయి. అతిథులు తాంబూలాలు తీసుకుంటుండగా వాన అందుకుంది. ముందు ముగ్గు పోయింది. తర్వాత ఇసుక కుప్ప అంచులు కుంగాయి. దాని పక్కనే తాజాగా నూరిపెట్టిన సున్నం ఉంది. అది పాలలాగా కరిగి, ఇసుకను కలుపుకుని కాలువలోకి దిగింది. నేను పారలిచ్చి కూలీల్ని దింపబోతే వరదయ్య అరుగు మీది నుంచి కేకేశాడు.

"రేయ్ ఆగండ్రా! చుట్టాలు జట్కాలు ఎక్కనీ. బట్టల మింద బురద చిమ్ముతారా?"

నేను ఆగాను. పనికి పెద్దను నేను, కూలీలు నా మాట వింటారు. నేను దిగమంటే దిగేవాళ్లు. నేను ఆగాను కాబట్టి వాళ్లూ ఆగారు. చివరి జట్కా వెళ్లేసరికి కల్వర్టు నోరు పూర్తిగా పూడిపోయింది. నీళ్లు పొంగి, బండ్లదారి మీదుగా దొర్లి నేతగాళ్ల వీధిలో పడ్డాయి.

నేను పరుగెత్తి వెళ్లేసరికి మునెప్ప ఇంట్లో మగ్గం గుంట అంచు దాకా తెల్లటి నీళ్లు. సగం నేసిన కైలీ అందులో నానుతోంది. మునెప్ప ఆ నీళ్లలోనే నిలబడి పడుగును చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాడు. నరసమ్మ చట్టితో తోడుతోంది. తోడిన నీళ్లు పోయడానికి చోటు లేదు, గడప బయట కూడా అవే నీళ్లు.

"వస్తివా నాయనా? చూడు, నీ ఇసిక మా ఇంటికి పిలవని పేరంటానికి వచ్చుండాది."

"రేపు పొద్దున్నే మళ్లా కట్ట వేయిస్తానక్కా."

"రేపు ఏసుకో పో. ఈ పొద్దుకి మేము ఈదుకుంటాం."

సున్నం నీళ్లకు నూలు రంగులు చచ్చిపోయాయి. గుంటలో అంతసేపు నిలబడ్డ మునెప్ప కాళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. వీధిలో చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. మగ్గాల నుంచి కోసిన ఆ బట్టను వరదయ్య తీసుకోలేదు. "మరకల బట్ట నేనేం చేసుకునేది?" అన్నాడు. మరక ఎవరిది? వాళ్లు నేసిన బట్ట దాచడానికి లేచిన గోదాము వాళ్ల బట్టనే కాటేసింది. అయినా ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మళ్లీ నూలు కావాలంటే ఆ గుమ్మమే ఎక్కాలి.

నీళ్లు తగ్గాక కాలువలు చూసే అధికారి ఒకాయన విచారణకు వచ్చాడు. కల్వర్టు నోట్లో కర్ర పెట్టి తీస్తే తెల్లటి ముద్ద అంటుకుని వచ్చింది. అందులో నాలుగు నూలు పోగులు కూడా ఉన్నాయి. వరదయ్య వెంటనే అందుకున్నాడు.

"గంజి సార్. వీధిలో పడుగులు సాపి గంజి పెడతారు, మిగిలిందంతా కాలవలో పోస్తారు. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది."

నేతగాళ్లు దూరంగా గుంపుగా నిలబడి ఉన్నారు. మునెప్ప ఒక్కడే కుంటుకుంటూ ముందుకు వచ్చాడు.

"గంజి కాదు సామీ, సున్నం. కావాలంటే మేస్త్రీనే అడగండి. ఆయప్ప అబద్ధం చెప్పడు."

అధికారి నా వైపు తిరిగాడు. "కట్టడం పని తెలిసినవాడివి, నువ్వు చెప్పు. ఏమిటిది?"

ఆ ముద్దను నేను ముట్టుకుని చూడనక్కర్లేదు. దాన్ని నూరించింది నేను, వీధిలో పోయించింది నేను, దానికి అడ్డంగా ఉన్న కట్ట తీయించింది నేను. మునెప్ప నన్నే చూస్తున్నాడు. వరదయ్య నన్ను చూడలేదు, సగం లేచిన తన గోడను చూస్తున్నాడు. ఆ గోడ పూర్తి చేయవలసింది మేమే. సున్నం అంటే కట్ట ఎవరు తీశారనే ప్రశ్న వస్తుంది, నా పని పోతుంది.

"గంజే సార్," అన్నాను.

తెల్లనివన్నీ పాలని నమ్మేంత అమాయకుడేమీ కాడు ఆ అధికారి. కానీ పని తెలిసినవాడు చెప్పాక ఆయన ఇంకేం పరీక్షిస్తాడు? వీధిలో పడుగులు చాపకూడదని ఉత్తర్వు వచ్చింది. చాపుకోవాలంటే ఏటి ఒడ్డుకు పొమ్మన్నారు. ఏటి గాలికి ఇసుక లేచి తడి పోగులకు అంటుకునేది, నేతలో తెగేది. మునెప్ప కొన్నాళ్లు పెనుగులాడి, చివరికి మగ్గం విప్పేశాడు. గుంటను పూడ్చి, జోలార్పేటకు రైలు కూలిపనికి పోయాడు. కల్వర్టులోంచి ఎత్తి వీధి పక్కన పోసిన మా సిల్టుతోనే ఆ గుంట పూడ్చాడు.

చుట్టాల బట్టలకు బురద అంటుతుందని ఒక వీధిని ముంచినవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ వరదయ్య మాట ఒక్కటే అయితే అధికారి నమ్మేవాడు కాడు. లాభం ఉన్నవాడు అబద్ధమాడతాడని అందరికీ తెలుసు. నమ్మించింది నా మాట. ఏళ్ల తరబడి నేర్చుకున్న పనిని ఆ పూట నేను అబద్ధానికి అద్దెకిచ్చాను. ఆ తర్వాత ఎన్ని కట్టడాలు కట్టినా, మంచి మేస్త్రీ అని ఎవరైనా అంటే నాకు చెంపదెబ్బలాగే ఉంటుంది.

ఓవర్సీరు మాట విన్నాక ఉండబట్టలేక గుడియాత్తం వెళ్లాను. నరసమ్మ మలుపు దగ్గరి ఆ ఇంటి ముందే కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. మునెప్ప జోలార్పేటలోనే పోయాడట. నేనెవరో చెప్పుకుని, వీధిలో ఉన్నవాళ్లందరికీ వినబడేటట్టు అన్నాను.

"ఆ పొద్దు కాలవలో ఉండింది గంజి కాదు, మా సున్నం. నేను అబద్ధం చెప్పినాను."

ఆమె కత్తెర ఆగలేదు.

"ఇది చెప్పేదానికా వేలూరు నుంచి వస్తివి? గంజి తాగి బతికేటోళ్లం నాయనా. గంజి ఏదో సున్నం ఏదో మాకు తెలీదా? మా ఆయన కాళ్లకి తెలీదా?"

"తప్పు ఒప్పుకుందామని వచ్చినానక్కా."

"ఒప్పుకుంటివి, సరి. తెలిసినోళ్లకి చెప్తే ఏం వస్తాది? మా మింద నింద ఏసి తిరిగేటోళ్లు ఉండారే, వాళ్లకాడ చెప్పు పో. మాకు సదువు రాదు. నీకు వస్తాది కదా?"

కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. ఇవ్వవలసిన అవసరమూ లేదు.

చదువు వచ్చినవాళ్ల కోసమే ఇది రాశాను. కట్టడాల పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా చదివితే, నేను నేర్చుకున్నది ఇది. వీధిలో కుప్ప పోసినప్పుడు ఇసుక ఎవరిదో, కాలువలో పడ్డాక కూడా వాళ్లదే. మన వాకిలి దాటినంత మాత్రాన అది ఊరి బురద అయిపోదు, కింద ఉన్నవాళ్ల నేరం అయిపోదు. కట్ట వేయడం చేతనైతే సరిపోదు. తీసేయమన్నప్పుడు తీయనని చెప్పడం కూడా ఈ పనిలో భాగమే. ఆ మాట అనలేకపోయినవాడు, అడిగినప్పుడైనా నిజం చెప్పాలి.

ఆ ఐపసిలో గుడియాత్తం నేతగాళ్ల వీధిని ముంచిన సున్నం నాది.