కాడి కింద బొంత

కొత్త రబ్బరుకు ఒక వాసన ఉంటుంది, పైన తెల్లటి పొడి అంటుకుని చేతికి జారే కొత్త సైకిల్ ట్యూబు మడత విప్పినప్పుడు వచ్చేలాంటిది. మొన్న సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు గోడ దాటి వచ్చే ఒక మెకానిక్ షెడ్డులో, తమ్ముడి జీపు పక్కన నిలబడి ఉండగా ఆ వాసన వచ్చింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత జీపు అది. గల్ఫ్‌లో ఇన్నేళ్లు పడ్డ కష్టమంతా పెట్టి దాన్నీ, దాని వెనక లాగడానికి రెండు చక్రాల పసుపు ఉడికించే యంత్రాన్నీ కొన్నాడు. ఊరూరా తిరిగి రైతుల కల్లాల్లోనే పసుపు ఉడికించి ఇవ్వాలని వాడి ఆలోచన. మళ్లీ విమానం ఎక్కే వయసు కాదు, ఒంట్లో శక్తీ లేదు. ఈ బండి నడిస్తేనే వాడి ఇల్లు నడుస్తుంది. కానీ యంత్రం తగిలించగానే జీపు వెనక భాగం కూలబడి, ముందు దీపాలు చెట్ల కొమ్మలకేసి వెలిగేవి. అందుకని వెనక స్ప్రింగుల్లో రబ్బరు గాలి సంచులు పెట్టించడానికి జగిత్యాల జిల్లాలోని మా ఊరి నుంచి యంత్రంతో సహా వచ్చాం.

కొలవకుండా నాకు ఏ పనీ తోచదు. బడిలో నేర్చుకున్న లెక్క కొంచెమే, మార్కెట్లో బస్తాలు తూచే చోట నిలబడి నేర్చుకున్నదే ఎక్కువ. ఒక కట్టెతో చక్రానికీ దాని పై రేకుకూ మధ్య సందు కొలిచాను. ఒట్టి జీపుకు జానెడు, యంత్రం తగిలిస్తే నాలుగు వేళ్లు. మెకానిక్ జీపును జాకీ మీద లేపి, సంచిలోని గాలంతా పిండి, దాన్ని నలిపి స్ప్రింగు చుట్ల మధ్య నుంచి లోపలికి దూర్చాడు. దాని సన్నని గొట్టాన్ని సైలెన్సర్ వేడి తగలకుండా దూరంగా తెచ్చి నంబరు పలక పక్కన బిగించాడు. యంత్రం తగిలించి పంపుతో గాలి కొడితే వెనక భాగం మెల్లగా లేచింది. కట్టె పెట్టి చూస్తే మళ్లీ జానెడే.

“చూసినవా అక్కా? ఇగ నీళ్లు నింపుకొనే పోవచ్చు. పోంగనే మంట పెట్టుడే,” అన్నాడు తమ్ముడు. యంత్రం ముందువైపు ఉన్న నీళ్ల తొట్టిని ఇంతవరకు ఖాళీగానే తీసుకుపోయేవాడు.  నాకు కాడి కింద పెట్టిన బొంత గుర్తుకొచ్చింది.

మా ఊరు కోరుట్లకూ మెట్‌పల్లికీ మధ్య. శివరాత్రి దగ్గర పడేసరికి కల్లాల్లో పెద్ద పెద్ద కడాయిలు పొయ్యిల మీదికెక్కేవి, పసుపు కొమ్ముల మీద ఎండుటాకులూ తడి గోనెసంచులూ కప్పి పత్తికట్టె మంట వేస్తే లేచే ఆవిరి మా బట్టల్లో, జుట్టులో, తినే అన్నంలో కూడా ఉండేది. పొయ్యి ఆరాక బూడిదలో గెనుసుగడ్డలు కాల్చుకుని, పచ్చటి వేళ్లతో తొక్క ఒలుచుకుని, నోరు కాలుతున్నా ఊదుకుంటూ తినేవాళ్లం. ఎండిన కొమ్ముల కుప్పల మీద జారుడాట ఆడితే నాయనమ్మ చీపురు పట్టుకుని వెంటపడేది.

ఎండిన పసుపును బండిమీద మెట్‌పల్లికి తోలే రోజున తాత చేసే పని ఒకటుండేది. బస్తాలు సర్దడం అయ్యాక, ఎద్దులను కట్టకముందు, ఆయన తలపాగా తీసి వంగి కాడిని తన మెడ మీదికి ఎత్తుకునేవాడు. బరువు ముందుకు పడితే ఆయన మోకాళ్లు వంగేవి, వెనక్కి పడితే కాడి పైకి లేచిపోయేది. “ఎనుకకు జరుపుండ్రి... ఇంకింత... ఆఁ, గిట్ల,” అనేవాడు. మెడ నొప్పి లేకుండా నిలబడి నాయనమ్మను పిలిచి సకినాల మూట అడగగలిగితేనే బండి కదిలేది.

“ఇంతకాలం ఏ ఎద్దును కట్టుకున్ననో నాకే తెల్వది,” అనేది నాయనమ్మ మూట అందిస్తూ.

ఒక ఏడు తాత కూతురి ఇంటికి పోయి ఉన్నప్పుడు మా బాపు బండి కట్టాడు. ధర తగ్గకముందే చేరాలన్న తొందరలో, కాడి ఎత్తి చూడకుండానే బస్తాలు ముందువైపు ఎక్కువ వేశాడు. ఎర్రెద్దు తల వంచేసింది. బాపు పాత బొంతను మందంగా మడిచి కాడి కింద కట్టాడు. ఎద్దు తలెత్తింది. దాన్ని చూసి ఇంకో రెండు బస్తాలు వేశాడు. ఊరు దాటాక కల్వర్టు దగ్గర ఎర్రెద్దు ముందు మోకాళ్ల మీద కూలబడింది. బస్తాల మధ్య కూర్చున్న నేను దాని ఊపిరి మాత్రమే విన్నాను. బొంత విప్పితే తోలు చెక్కుచెదరలేదు, లోపల మెడ కుండలా వాచి ఉంది. తాత వచ్చి ఆ వాపు తడిమి చూసి బాపుతో అన్నాడు: “బొంత దాని మెడకు కట్టలేదు కొడుకా, నీ కండ్లకు కట్టుకున్నవ్.” ఎర్రెద్దు మళ్లీ కాడి మోయలేదు. తమ్ముడు అప్పటికి అమ్మ ఒళ్లోనే ఉన్నాడు, ఎర్రెద్దు సంగతి వాడికి తెలియదు.

షెడ్డు పక్కనే నూలు బేళ్లు తూచే కాంటా ఉంటే అడిగి తెప్పించాను. జీపుకు తగిలించే యంత్రం కొసను దాని మీద ఆనించి, ఒకసారి ఖాళీగా, ఒకసారి నీళ్లు నింపి తూచాం. నిండితే బరువు దాదాపు రెట్టింపు. నిండు తొట్టితోనే జీపుకు తగిలించి, మళ్లీ జానెడు లేచేదాకా తమ్ముడు ఇంకింత గాలి కొట్టాడు.

“సంచి జీపును లేపుతది గని, బరువు ఏడికి పోతది తమ్మీ? గా ఇరుసే మొయ్యాలె కదా.”

“అచ్చం తాతవే. కాడొక్కటే తక్కువ నీ మెడకు,” అని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “పోయినంక నీళ్లకు తిరుగుకుంట కూసుంటే ట్రాక్టరు మీద ఉడికిచ్చేటోళ్లు పని గుంజుకుంటరక్కా.”

“ఒక కల్లం పోతే ఇంకో కల్లం. ఇరుసు ఇరిగితే ఏం జేస్తవ్? మళ్ల దుబాయ్ పోతవా?”

 వాడు వెళ్లి తొట్టి కుళాయి తిప్పాడు. నీళ్లన్నీ పోయాక, నన్ను పిలవకుండా వంగి, యంత్రం కొసను జీపు నుంచి విడదీసి భుజానికి ఎత్తుకుని చూశాడు. మోకాళ్లు వంగకుండా నిలబడ్డాడు. జీపుకు తగిలిస్తే ఈసారి వెనక భాగం మరీ ఎత్తుగా కనిపించింది. నంబరు పలక పక్కన కూర్చుని కొంచెం గాలి వదిలాడు. కాడి దించగానే ఎద్దు విడిచే ఊపిరి లాంటి చప్పుడొచ్చింది.

ఇప్పుడు మా ఊళ్లో ఎద్దులు లేవు. కడాయిలు పాత సామాన్లకు పోయాయి, గెనుసుగడ్డలు కాల్చుకునే బూడిద లేదు, బాపు లేడు. ఆ కల్వర్టు మాత్రం కొత్త రోడ్డు కింద ఇంకా ఉంది. మెట్‌పల్లి మీదుగా తిరిగి వచ్చేటప్పుడు, ఎవరు చెప్పారో తెలియదు, తమ్ముడు దాని మీద జీపును చాలా మెల్లగా పోనిచ్చాడు.