గుడ్డు ముట్టనన్న మొక్కు

మే నెలాఖరున ఢిల్లీ ట్రాన్సిట్ క్యాంపులో దిగాం. ఎనిమిదింటికే రేకుల షెడ్డు కాలిపోతోంది. మనిషికో కిట్‌బ్యాగు, దోమతెర. ఆఫ్రికాలో శాంతి దళం డ్యూటీ, ఏడాది. ఇరవై రోజుల్లో విమానం. అంతకు ముందే దోమలు తెచ్చే ఎల్లో ఫీవర్‌కు టీకా వేయించుకోవాలి. ఆ కార్డు లేనివాడు ఇక్కడే ఆగిపోతాడు.

ఊళ్లో అందరూ తూటాల గురించే అడుగుతారు. వాటికీ భయపడ్డాను, ఎందుకు దాచాలి? కానీ నేను నిజంగా హడలిపోయింది సూది ముందర. నవ్వుకుంటే నవ్వుకోండి.

టీకా వరుసలో నా వంతు వచ్చింది. నర్సింగ్ అసిస్టెంట్ భుజం తుడిచాడు.

"అలర్జీలున్నాయా?" డాక్టర్ మేడమ్ అడిగింది. ఆమెది హైదరాబాదు.

"లేవు మేడమ్." భర్తీ అయిన నాటి నుంచీ అదే జవాబు.

నా వెనక మా రేడియో ఆపరేటర్ ఉన్నాడు. పాలమూరువాడు. మెస్సులో నా వంతు గుడ్లన్నీ వాడికే. వాడు మధ్యలో అందుకున్నాడు.

"మటన్ గిన్నెడు వెట్టినా ఊడ్చేస్తడు మేడమ్. గుడ్డు మాత్రం ముట్టడు. అమ్మోరి మొక్కట!"

అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. సూది పట్టిన చేతిని వెనక్కి తీసుకుంది.

"ఎవరు మొక్కారు? ఎందుకు?"

"మా అవ్వ మేడమ్. ఎందుకో తెలియదు."

"ఇప్పుడే ఫోన్ చేసి అడుగు. ఈ టీకా కోడిగుడ్లలో తయారవుతుంది."

దేవరకొండ దగ్గర మా ఊరు. గొర్ల దొడ్డి కాడ ఉన్న అవ్వకు మా బాపు ఫోన్ ఇచ్చాడు. స్పీకర్ పెట్టాను.

"నీకు రెండేండ్లప్పుడు బిడ్డా. ఉడకవెట్టిన గుడ్డు నోట్ల వెట్టిన. జర సేపట్ల మూతి వాసింది, ఒళ్లంత దద్దులు. ఊపిరాడలే, నీలం వడ్డవు. మైసమ్మకు కోపమొచ్చిందని, ఇగ జన్మల గుడ్డు ముట్టనియ్యనని మొక్కిన. బతికినవ్. ఏమాయె, గిప్పుడెందుకు?"

మా ఇళ్లల్లో మొక్కు అంటే ఎవరూ కారణం అడగరు. నేనూ అడగలేదు.

మర్నాడు పెద్ద దవాఖానకు పంపారు. ముంజేతి మీద టీకా మందు చుక్క వేసి గుచ్చితే శనగగింజంత దద్దు లేచింది. వెంట వచ్చిన మేడమ్ దాచకుండా చెప్పింది: "వెళ్లకపోయినా తప్పు లేదు. వేయించుకుంటానంటే కొద్దికొద్దిగా వేస్తాం. రియాక్షన్ వస్తే విరుగుడు సూది చేతిలోనే ఉంటుంది. నీ ఇష్టం."

ఒప్పుకున్నాను, ధైర్యంతో కాదు. నన్ను వదిలేసి మా వాళ్లు విమానం ఎక్కడం ఊహించుకోలేకపోయాను, అంతే.

మొదటి చుక్కకు ఏమీ కాలేదు. రెండోదానికీ కాలేదు. మూడోదానికి మెడ దురద పుట్టింది. చెవుల వెనక వేడి. గొంతు బిగుసుకుంటున్నట్టుంది. మందుకో భయానికో తెలియదు. చచ్చిపోతాననుకున్నాను.

"ఏం గాదురా, నేనున్న," అన్నాడు తోడొచ్చిన ఆపరేటర్. "నువ్వు వోతే నాకు గుడ్లెవడిస్తడు?"

మేడమ్ నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. "ఊపిరి బాగానే ఉంది. ఆగుదాం." దురద తగ్గేదాకా ఆగారు. మిగతాది సాయంత్రం దాకా వేశారు.

ఏడాది ఎర్రమట్టి, జోరువాన, ఇసుక బస్తాల బంకరు. రాత్రి గస్తీలో చెవి దగ్గర దోమ మోగితే తుపాకీ మోత కన్నా ముందు ఆ టీకా గది గుర్తొచ్చేది. బతికే వచ్చాను.

దేవరకొండ బస్టాండుకు అవ్వ ఎదురొచ్చింది. ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టి, తనూ వడ్డించుకుని ఎదురుగా కూర్చుంది. గొర్రె మాంసం, జొన్న రొట్టె. నేను ముద్ద పెట్టుకున్నప్పుడల్లా ఆమె ముద్ద ఆపింది. నేను మింగాక మింగింది.

"తిను అవ్వా, నాకేం గాలే."

"తింట గనీ, నువ్వు మింగు బిడ్డా," అన్నది. ఇప్పటికీ అంతే. నేను తింటుంటే అవ్వ నా మొహం చూడదు, గొంతు చూస్తుంది.