ఎర్రగడ్డ దారిలో ఆగిన ఆటో

కరోనా తగ్గిన మరుసటి ఏడు అమీర్‌పేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, క్యాజువాలిటీ ఇన్‌చార్జి ఫిజీషియన్‌గా చేరాను. అదే నా ఆఖరి పోస్టింగు. అత్యవసరంగా వచ్చినవారిని ముందు చూసి, వార్డుకు పంపాలో ఇంటికి పంపాలో తేల్చడం నా పని.

ఒక మధ్యాహ్నం, పంజాగుట్టలో టిఫిన్ బండి నడిపే లక్ష్మమ్మను ఆమె కొడుకు శ్రీను ఆటోలో తెచ్చాడు. అరవై దాటిన మనిషి. పొద్దుటి నుంచి పొంతన లేకుండా మాట్లాడుతోందని, తనను గుర్తుపట్టక గిన్నె విసిరిందని చెప్పాడు. మతి తప్పిందని ఇరుగుపొరుగు తేల్చేశారట.

"ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికే తీస్కపోతున్న సార్. తొవ్వల ఒళ్లంత చెమటతోని తడిసిపోయింది. భయమై ఈడ ఆపిన," అన్నాడు.

చెమట అనగానే వేలి నుంచి రక్తపు చుక్క తీయించి షుగర్ చూశాను. ప్రమాదకరంగా పడిపోయి ఉంది. వెంటనే నరానికి గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి ఆమె చూపు నిలబడింది. కొడుకును చూసి, "బండి కాడ ఎవరున్నర్రా?" అంది. శ్రీను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మందుల సంగతి అడిగితే విషయం తేలింది. ఆమె ఏళ్ల తరబడి గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటోంది. మూత్రంలో మంటకు ఆ వారమే ఒక క్లినిక్‌లో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. షుగర్ మాత్ర గురించి వాళ్లు అడగలేదు, ఈమె చెప్పలేదు. చాలామందికి రాసే సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఆ జాతిదే. అవసరమైన చోట మంచి మందులే. కానీ ఇలాంటి షుగర్ మాత్రలతో కలిస్తే, పెద్దవయసువారిలో ముఖ్యంగా, షుగర్‌ను ఒక్కసారిగా పడగొట్టగలవు. కొందరిలో షుగర్ పడకపోయినా మనసును తికమక పెడతాయి, మడమ వెనక, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువును దెబ్బతీస్తాయి. గ్యాస్ తగ్గించే కొన్ని మందులతో కలిపి మింగితే ఒంటికి సరిగ్గా పట్టవు.

"ఇప్పుడు మంచిగనే ఉన్నది గద సార్, ఇంటికి తీస్కపోత," అన్నాడు శ్రీను. గ్లిమెపిరైడ్ ప్రభావం త్వరగా పోదని, షుగర్ మళ్లీ పడవచ్చని నచ్చజెప్పి వార్డులో చేర్పించాను. సాయంత్రం పడనే పడింది. గంటగంటకు చూడమని రాసి ఉంచడంతో నర్సు వెంటనే పట్టుకుంది. యాంటీబయాటిక్ మార్చాం, షుగర్ మాత్ర ఆపి తర్వాత తక్కువ మోతాదులో మొదలుపెట్టాం. లక్ష్మమ్మ నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది.

మనిషి మాట ఉన్నట్టుండి తేడా పడితే ముందు షుగర్ చూడాలి. ఆ వెంటనే, కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారో అడగాలి. మనసు జబ్బా కాదా అన్నది ఆ రెండూ అయ్యాకే. రిటైరయ్యేదాకా నా జూనియర్లకు ఈ వరుసే నేర్పాను.