తాతయ్య కాలు లోపల, తాతయ్య బయట

మా చిన్నప్పుడు... ఈస్టరు తెల్లవారుజామున మా వాళ్ళంతా సమాధుల తోటలోనే ఉండేవారు. కొత్తగా సున్నం కొట్టిన సమాధుల మీద ఎవరివాళ్ళకి వాళ్ళు బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించేవారు. మా తాతయ్య మాత్రం తన కాలికి తనే కొవ్వొత్తి పెట్టుకునేవాడు.

నవ్వకండి... నిజం.

షుగరు ముదిరి, అరికాలి పుండు పైకి పాకితే రాజమండ్రి ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. తీసిన కాలు పారేస్తామన్నారట. తాతయ్య మంచం మీద నుంచే గొడవకి దిగాడు. "రేపు ప్రభువొచ్చిన రోజున దేని మీద నిలబడాలండి నేను? నా కాలు నాకిచ్చెయ్యండి!" చివరికి నాన్న దాన్ని గుడ్డల్లో చుట్టి, సంచిలో పెట్టి, బస్సులో బ్రిడ్జి దాటించి, కొవ్వూరు పక్కనున్న మా ఊరికి తెచ్చాడు. బస్సులో పక్కసీటాయన "పనసకాయా అండి?" అని అడిగితే "ఆయ్" అన్నాడట పాపం.

అప్పటి పాస్టరుగారు పెద్ద వయసువారు. ఆయన నవ్వలేదు. తోటలో ఓ మూల చిన్న గొయ్యి తీయించి, కాలు పెట్టించి, ప్రార్థన చేశారు. "పక్కన చోటు ఉంచుదాం ఏసోబూ... మిగతా మనిషివి నువ్వొచ్చినప్పుడు కావాలి కదా" అన్నారు.

తాతయ్య ఆ మాట పట్టుకునే బతికాడు. చచ్చిపోతే ఆత్మ ఎటో ఎగిరిపోతుంది అంతే అంటే ఆయనకి ఒప్పుదల కాదు. ఈ ఒళ్ళే లేవాలి. ధాన్యం బస్తాలు మోసి కాయలు కాసిన ఈ భుజమే లేవాలి. "కడబూర మోగిందనుకోవే... గబుక్కున లేత్తాను. పక్కనే కాలుంటది. తగిలించుకుని నడిచెళ్ళిపోతాను" అనేవాడు నాతో, చెప్పులు తొడుక్కోవడం గురించి చెప్పినంత తేలిగ్గా. నేనూ అంతే తేలిగ్గా నమ్మేశాను.

చంకకర్రలతో పెద్ద చర్చి మెట్లెక్కలేక, మా వీధిలోనే తాటాకు పాకలో జరిగే ప్రార్థనకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అంతే... ఆయన చేసిన నేరం అదొక్కటే.

నేను ఏడో తరగతిలో ఉండగా తాతయ్య పోయాడు. పెట్టె మోసుకుని తోట దాకా వెళ్ళాం. గేటుకి తాళం! పాత పాస్టరుగారు అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయారు. గేటు ముందు కొత్త సంఘపెద్ద నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, చంకలో బైబిలు.

"మీరిప్పుడు ఆ పాక సంఘం కదండి. మా తోటలో ఎలా పెడతామండి? రేపు ప్రతివాళ్ళూ అడుగుతారు."

నాన్న చేతులు జోడించి బతిమాలాడు. కదల్లేదు. మా మామ్మ నోట్లో నాలుక లేని మనిషి. మొగుడి ముందే ఏనాడూ గొంతు పెంచింది లేదు. ఆ రోజు పెట్టె మీద చెయ్యేసి అడిగింది... "మా ఆయన కాలు లోపలుందండి. మనిషిని బయట పెడితే ఎలాగండి?"

"దేవుడికి అసాధ్యం ఏముందమ్మా? ఎక్కడ పెట్టినా లేపుతాడు."

"ఎక్కడ పెట్టినా లేపే దేవుడైతే మరి మీకీ గోడెందుకండీ?"

బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. "పోనీ ఆ కాలైనా తవ్వి ఇచ్చెయ్యండి, పక్కన పెట్టుకుంటాం" అంది మామ్మ. సమాధి తవ్వడం మహాపాపమన్నాడు. పాపమట! మరి శవాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టడం పుణ్యమా?

తాతయ్యని ఏటిగట్టు కింద పోరంబోకులో పెట్టాం. అందరూ ఏడ్చారు. నేను ఏడవలేదు, పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఆ కోపం ఇప్పటికీ దిగలేదు... దిగాలని కూడా నాకు లేదు.

తర్వాత ఆ పెద్దమనిషీ పోయాడు. తోట నడిమధ్యలో గ్రానైటు సమాధి. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, దాని మీద 'దీనుల బంధువు' అని చెక్కించారు. ప్రతి ఈస్టరుకీ ఆయన కొడుకు వాట్సాప్ గ్రూపులో సూర్యోదయం బొమ్మ పెట్టి పునరుత్థాన శుభాకాంక్షలు చెప్తాడు. చూస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

కానీ ఈ పోస్టు వాళ్ళని తిట్టడానికి కాదు. మా వాళ్ళని తిట్టడానికి.

మా పాక ఇప్పుడు పెద్ద బిల్డింగు అయింది. ఏసీలు, స్పీకర్లు... సొంత సమాధుల తోట కూడా కొన్నారు. చుట్టూ ప్రహరీ కట్టారు. మొన్న మా వీధి మార్తమ్మగారు పోయారు. ఆవిడ భర్తని పెట్టింది ఆ తోటలోనే. ముసలితనంలో కొడుకు దగ్గరుంటూ కొడుకుతో పెద్ద చర్చికి వెళ్ళిందని, ఆవిణ్ణి భర్త పక్కన పెట్టనివ్వలేదు మా వాళ్ళు. అందరికంటే ముందు వద్దన్నది ఎవరనుకున్నారు? మా బాబాయి. తాతయ్య చిన్నకొడుకు. ఆ రోజు ఆ పెట్టె ఓ కొస మోసినవాడు!

ఫోన్ చేశాను. "బాబాయ్, తాతయ్య కాలెక్కడుందో గుర్తుందా?"

"అది వేరు, ఇది వేరమ్మా. సంఘమన్నాక ఒక క్రమం ఉండాలి కదా" అన్నాడు.

క్రమమట, క్రమం! నోటికొచ్చిందల్లా అనేశాను. నాతో ఇక మాట్లాడడట... మానెయ్యనీండి.

మా చిన్నప్పుడు ఈస్టరంటే... పోయినవాళ్ళంతా మళ్ళీ లేస్తారన్న సంబరం. చీకట్లో ఆ కొవ్వొత్తులు చూస్తుంటే అందరూ ఇప్పుడే లేచేస్తారేమో అనిపించేది. ఇప్పుడు వాళ్ళని పడుకోబెట్టడానికే చోటివ్వడం లేదు మనం. మీ ఊళ్ళోనూ ఇలా ఎవరినైనా గేటు బయట నిలబెట్టి ఉంటే కింద రాయండి... తిడుతూ రాసినా నేనేమీ అనుకోను.

నేనైతే ఇంకా నమ్ముతున్నాను. ఆ రోజు తాతయ్య ఏటిగట్టు కింద నుంచి ఒంటికాలి మీదే లేస్తాడు. మార్తమ్మగారూ లేస్తారు. బాబాయ్, నువ్వూ లేస్తావు... ఇది చదువుతున్నావని నాకు తెలుసు. ఆయన ఎదురుగా వచ్చి నిలబడితే, నీ కన్నతండ్రి మొహం ఎలా చూస్తావ్?